నకలు పుస్తకంలో ఉండిపోయిన ఉత్తరం

పోయిన వారం మనవరాలు మూడు అట్టపెట్టెలు తెచ్చి నా మంచం మీద పెట్టింది. బూడిద రంగువి, ఒక్కోదానికీ తెల్లటి నాడా కట్టి ఉంది. విప్పితే లోపల పలచటి కాగితం, దాని లోపల ఇంకో కాగితం, ఆ లోపల మా మావగారి నకలు పుస్తకాలు. తొమ్మిది పుస్తకాలకి మూడు పెట్టెలూ, గజాల కొద్దీ నాడానూ! నేనైతే అవన్నీ ఒక్క రేకు పెట్టెలో వేపాకు పరిచి, పాత దుప్పటి ముక్క కప్పి యాభై ఏళ్ళు దాచాను. ఒక్క చెద పట్టలేదు. "నాడా పారెయ్యకు, లంగాలకి బొందుగా పనికొస్తుంది" అన్నాను. అది నవ్వింది. ఇక్కడి యూనివర్సిటీ లైబ్రరీలో పాత కాగితాలు భద్రపరిచే విభాగంలో దానికి ఉద్యోగం. "అస్లీ పుస్తకాలు మళ్ళీ నీకే మామ్మా. ఫొటోలు లైబ్రరీలో ఉంటాయి. ఇప్పుడు పూరా దునియా చూడొచ్చు" అంది. అది సంతోషంగానే అంది. నేను మాత్రం గేటు వైపు చూశాను. ఈ మధ్య గేటు చప్పుడైతే చాలు, చేతిలో పని ఆపి వింటున్నాను. ఎందుకో చెప్పాలంటే మావగారి దగ్గర మొదలుపెట్టాలి.

మా మావగారు ఇక్కడ ఉక్కు ప్లాంట్ కడుతున్న రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవారు. వారమంతా పునాదులు తవ్వే పని. ఆదివారం క్యాంప్ 2 అనే కూలీల బస్తీలో తన గుడిసె ముందు చెక్కపెట్టె ఒకటి తిరగేసుకుని కూర్చుంటే మన వైపు వాళ్ళు వరస కట్టేవారట. వాళ్ళలో చాలామందికి సంతకం కూడా రాదు. మావగారికి పురాణం చదివేంత చదువు ఉంది కాబట్టి అందరి ఉత్తరాలూ ఆయనే రాసేవారు. ఒకసారి ఒకాయన ఎద్దుని అమ్మొద్దని ఇంటికి రాయించుకున్నాడు. అక్కడ ఆ ఉత్తరం చదివిపెట్టినవాడు ఏం చదివాడో ఏమో, ఎద్దు కాస్తా సంతకి వెళ్ళిపోయింది. ఆ మనిషి వచ్చి మావగారి చొక్కా పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఒక పద్ధతి పెట్టారు. ఎవరి ఉత్తరం రాసినా అక్షరం పొల్లుపోకుండా పొడుగు పుస్తకంలో నకలు రాసుకోవడం, చదివి వినిపించడం, కింద ఆ మనిషి వేలిముద్ర వేయించుకోవడం. ఆ తర్వాతే అసలు ఉత్తరం పోస్టుకి. మొహమాటం లేదు, బంధుత్వం లేదు. కన్నకొడుకైనా సరే వేలు సిరాలో ముంచాల్సిందే. పద్ధతి అంటే నాకూ ఇష్టమే. కానీ పద్ధతిగా ఉండే మనిషి, తను చేసిన తప్పుని కూడా పద్ధతిగా రాసిపెడతాడని నాకు అప్పటికి తెలియదు.

మావగారికి ఇద్దరు కొడుకులు. పెద్దాయన మా బావగారు. నేను ఆయన్ని చూడలేదు. తండ్రి వెంట మొదట వచ్చింది ఆయనే. అప్పటికి ఇరవై ఏళ్ళు లేవు. ఊళ్ళో భార్య ఉంది, కాపురానికి వచ్చి ఏడాది కాలేదు. ఆమే మా అక్క, నా తోడికోడలు. ఆ ఏడు వానాకాలంలో, బావగారు ఎటో వెళ్ళిపోయాడని ఊరికి కబురు వచ్చింది. ఎటు వెళ్ళాడో, ఎందుకు వెళ్ళాడో ఎవరికీ తెలియదన్నారు. పని పోకుండా ఆయన హాజరు టోకెన్ మీద తమ్ముడు, అంటే మా ఇంటాయన, చేరిపోయారు. అప్పట్లో టోకెన్ మీద నెంబరూ పేరూ ఉండేవి కానీ ఫొటో ఉండేది కాదట. అన్నదమ్ములిద్దరిదీ ఒకే అచ్చు. అలాంటివి ఇంకొందరు కూడా చేశారు, ఒకరిది ఒకరు బయటపెట్టుకునేవారు కాదు. అలా అన్నగారి పేరుతో మేస్త్రీ దగ్గర చేరినవారు అదే పేరుతో పర్మనెంట్ అయ్యారు. అదే పేరు మీద సెక్టార్లో క్వార్టరు, అదే పేరు మీద రిటైర్మెంటు, పిల్లల పేర్ల వెనక కూడా అదే పేరు, చివరికి చావు సర్టిఫికెట్ కూడా అదే పేరు మీద. మా వైపు ఆడవాళ్ళం మొగుడి పేరు నోటితో చెప్పం కాబట్టి నాకు ఇబ్బంది రాలేదు. ఇబ్బందంతా అక్కది.

నేను కాపురానికి వచ్చిన ఏడే ఊళ్ళో అత్తగారు పోయారు. అక్కని ఇక్కడికి తెచ్చుకున్నాం. నా ఇద్దరు పిల్లల్నీ పెంచింది ఆమే. డ్యూటీ దిగాక తోటివాళ్ళు గేటు దగ్గర సైకిలాపి మా ఇంటాయన్ని పేరు పెట్టి కేకేసేవారు. అది అక్క మొగుడి పేరు. కేక వినపడగానే ఆమె చేతిలో ఏముంటే అది అలాగే ఆగిపోయేది. బియ్యం చేటయితే చేట, పిల్లవాడికి పెడుతున్న ముద్దయితే ముద్ద. ఒక్క క్షణమే, మళ్ళీ పని. ఆ క్షణాన్ని ముప్పై ఏళ్ళు రోజూ చూశాను. ఆమె బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. అలా అని పేరంటానికి పిలిచినవాళ్ళూ తక్కువే. మా పెద్దవాడి పెళ్ళికి పసుపు కొట్టడానికి ఆమె రోకలి అందుకుంటే, క్యాంప్ 2 నుంచి వచ్చిన ఒక పిన్నిగారు అందరూ వినేలా అంది: "మొగుడు ఒగ్గీసిన మనిషి సేత పసుపు కొట్టిస్తన్నారేటమ్మా?" అక్క రోకలి గోడకి ఆనించి వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. ఆ పెళ్ళికి కావలసిన వాటికి రెట్టింపు తరిగింది. ఇన్నేం చేసుకుంటావని కసిరాను. అలా కసిరి పక్కకి తప్పుకోవడమే తప్ప, ఆ పిన్నిగారికి జవాబు చెప్పలేదు. నా దగ్గర జవాబు ఉంది. అప్పటికి నాకు నిజం తెలిసి ఇరవై ఏళ్ళు దాటింది.

మా పెద్దవాడు పుట్టిన ఏడు మావగారు పోయారు. పోయే ముందు రేకు పెట్టె తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఇంట్లో చదువు వచ్చిన ఆడది నేనే. చదువంటే మూడో తరగతి. నాలుగుకి పక్క ఊరు పోవాలన్నారు, మానిపించారు. మావగారిది గొలుసుకట్టు రాత, కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం ముడేసుకుంటూ పోయే పాతకాలపు రాత. మధ్యాహ్నాలు ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. పిల్లవాడికి పాలిస్తూ ఆ పుస్తకాలు తీసి కూడబలుక్కునేదాన్ని. మూడో పుస్తకం సగం దాటాక ఎదురెదురు పేజీల్లో రెండు ఉత్తరాలు కనిపించాయి. ఎడమ పక్కది బావగారు అక్కకి రాయించినది, కింద వేలిముద్ర ఉంది. కుడి పక్కది మావగారు ఊళ్ళో ఉన్న తన అన్నగారికి రాసినది, దాన్ని పై నుంచి కింద దాకా గీతలు పెట్టి కొట్టేశారు. కొట్టేసినా చదవడానికి వస్తుంది. జ్వరం తగ్గని పెద్దవాణ్ణి రైల్లో ఊరికి తెస్తుంటే రాయపూర్ దాటిన తర్వాత తన ఒళ్ళోనే ప్రాణం పోయిందనీ, పేరు తెలియని చిన్న స్టేషన్లో దిగి వాగు ఒడ్డున దహనం చేశాననీ, ఆ పిల్లకి ఎలా చెప్పాలో తెలియడం లేదనీ రాశారు. కింద రెండు వాక్యాలు మాత్రం కొట్టెయ్యలేదు. అవి ఎవరికీ రాసినవి కావు, తనకి తాను రాసుకున్నవి: "పారిపోయినవాడి టోకెన్ తమ్ముడు నిలబెట్టవచ్చును. చచ్చినవాడిది నిలబెట్టుటకు లేదు." ఊళ్ళో కర్మ చేస్తే ఆ కబురు ఇక్కడి ప్లాంట్ దాకా వచ్చేది. పేజీ తిప్పితే ఊరికి నిజంగా వెళ్ళిన ఉత్తరం నకలు ఉంది, పెద్దవాడు చెప్పకుండా ఎటో పోయాడని. జ్వరం సంగతి తెలిస్తే ఆరాలు మొదలవుతాయని కాబోలు, అక్కకి రాయించిన ఉత్తరం అసలు పోస్టుకే వెళ్ళలేదు.

ఆ సాయంత్రం మా ఇంటాయన అన్నానికి కూర్చుంటే పుస్తకం తెరిచి కంచం పక్కన పెట్టాను. అవతల వరండాలో అక్క పిల్లవాణ్ణి జోకొడుతోంది. ఆయన చదవలేదు, చూశారంతే.

"ముయ్యి" అన్నారు.

"అక్కకి చెప్పొద్దా?"

"సెప్తే ఏడుస్తాది. ఏడిస్తే సెక్టారంతా ఇంటాది. పిల్లోడి పొట్ట కొడతావేటి?"

నేను పుస్తకం మూశాను. మొగుడికి భయపడి మూశానని చెప్పుకుంటే వినేవాళ్ళు నమ్ముతారు. కానీ నేను ఆయనకి ఏనాడూ భయపడలేదు, ఆయనే నాకు భయపడేవారు. నాకు కుళాయి ఉన్న క్వార్టరు కావాలి, పిల్లలకి మంచి బడి కావాలి. చిరిగిన చీరని గలీబులుగా కుట్టుకునేదాన్ని, ఉద్యోగం చేజార్చుకుంటానా? మొదట ఉద్యోగం కోసం ఆగాను. తర్వాత రిటైర్మెంటు కానీ అని ఆగాను. తర్వాత ఆయన బతికుండగా ఎందుకని ఆగాను. ఆయన పోయాక పింఛను కోసం ఆగాను. ఆగడానికి ఎప్పుడూ ఏదో ఒకటి దొరికేది.

కిందటి ఏడు మనవరాలు తన పై అధికారి మేడమ్‌ని కోహ్కాలో రిటైరయ్యాక మేం కట్టుకున్న ఇంటికి తీసుకొచ్చింది. దుర్గ్ వైపు మనిషి, హిందీ తప్ప రాదు, నెమ్మదస్తురాలు. తెల్ల గుడ్డ తొడుగులు చేతులకి వేసుకుని నకలు పుస్తకాలు ఒక్కొక్క పేజీ తిప్పింది. వేలిముద్ర ఉన్న చోటల్లా ఆగి వంగి చూసింది. ఈ ఊరు కట్టించిన పెద్దవాళ్ళ కాగితాలు బోలెడు ఉన్నాయనీ, కట్టినవాళ్ళ మాట మాత్రం ఎక్కడా దొరకలేదనీ, ఇవి ఇస్తే శుభ్రం చేసి, ఫొటోలు తీసి, అందరికీ చూపిస్తామనీ మనవరాలి చేత చెప్పించింది. ఇవ్వనని చెప్పడానికి నోరు తెరిచాను. వెనక నుంచి అక్క అంది:

"ఇచ్చీయే. నీ రేకు పెట్టెలో ఉంటే, నువ్వూ నానూ పోనాక కబాడీవోడు పాత కాయితాల తూకానికి పట్టుకుపోతాడు."

మేడమ్ ముందు ఏమనను? తర్వాత ఆ ఒక్క పేజీ ఎలాగోలా తీసేద్దామనుకున్నాను. ఆ మనిషి అక్కడే మా చాప మీద కూర్చుని, ప్రతి పేజీ మూలా పెన్సిల్‌తో నెంబరు వేసింది. అన్ని పుస్తకాలకీ వేసేదాకా లేవలేదు. నేను మూడుసార్లు టీ పెట్టి ఇచ్చాను.

ఫొటోలు తీశాక వాళ్ళకి చిక్కొచ్చింది. గొలుసుకట్టు చదివేవాళ్ళు అక్కడ లేరు. మా మనవరాలు ఇక్కడే పుట్టి పెరిగింది, తెలుగు మాట్లాడుతుంది కానీ అక్షరం రాదు. దాంతో మూడో తరగతి చదివిన నేను యూనివర్సిటీ వారికి పనికొచ్చాను. వారానికి నాలుగు మధ్యాహ్నాలు అది లాప్‌టాప్ తెచ్చి నేల మీద కూర్చునేది. ఒక్కో పేజీ తెర నిండా వచ్చేది. నేను చదివేదాన్ని, అది హిందీలో టైపు చేసుకునేది. అక్క మా పక్కనే కూరగాయలు బాగుచేసుకుంటూ వినేది. ఎన్నేళ్ళుగానో ఆమె అంత నవ్వడం నేను చూడలేదు. ఒకాయన భార్యకి రాయించాడు, "మా అమ్మతో తగువు పెట్టుకోకు, తప్పకపోతే నేను వచ్చేదాకా ఆగు, నేనూ చూడాలి" అని. "ఆడా!" అంది అక్క. "ఆడు ఇక్కడ మేస్త్రీని సూస్తే పిల్లి. పెళ్ళానికి పులి ఉత్తరాలు రాయించినాడేటి?" ఆమె నవ్వుతుంటే నేను మూడో పుస్తకానికి ఇంకా ఎన్ని పేజీలున్నాయో లెక్కపెట్టుకునేదాన్ని. మొదటి పుస్తకం అయింది. రెండోది ఇంకా తొందరగా అయింది. మూడోది మొదలుపెట్టాక నేను కావాలని నెమ్మదిగా చదివాను. ఒక్కో పదం దగ్గర ఆగి, కళ్ళద్దాలు తుడుచుకుని, మంచినీళ్ళు తాగి. పేజీలు మాత్రం ఆగలేదు.

ఆ పేజీ వచ్చిన రోజు గాలి లేదు. ప్లాంట్ చిమ్నీల పొగ పైకి పోకుండా ఇళ్ళ మీదే నిలబడిపోయింది. తెర మీద ఎడమ పక్క వేలిముద్ర, కుడి పక్క గీతలు.

"సదువు" అంది అక్క చిక్కుడుకాయ ఈనె తీస్తూ.

"ఇది చెరిగిపోయింది. చదవడానికి రాదు."

"ఎక్కడ చెరిగింది, మామ్మా? బిల్కుల్ సాఫ్ ఉంది" అంది మనవరాలు. "వేలిలో గీతలు కూడా కనిపిస్తున్నాయి."

"రాదంటే రాదు. తర్వాతది తియ్యి."

అక్క తల ఎత్తింది. "ఎవులదే ఆ ఉత్తరం?"

"ఎవరిదో. పేరు లేదు."

ఆమె నా మొహంలోకి కాస్త ఎక్కువసేపే చూసి, మళ్ళీ చిక్కుడుకాయ అందుకుంది. మనవరాలు "చదవలేకపోయాం" అని టైపు చేసుకుంది. పోనీలే మామ్మా, చదవగలిగేవాళ్ళు ఎక్కడో ఒకచోట ఉంటారు, వాళ్ళు చూసి చెప్తారు, అందరికీ చూపించేది అందుకే కదా అంది.

పది రోజుల తర్వాత అది ఎగురుకుంటూ వచ్చింది. లైబ్రరీలో ఈ పుస్తకాలన్నీ జనానికి తెరిచే రోజు కుదిరిందట. పాత తెలుగు కుటుంబాలన్నిటినీ పిలుస్తున్నారట. మేడమ్‌కి ఒక పేజీ బాగా నచ్చిందనీ, అర్థం తెలియకపోయినా ఒక పక్క వేలిముద్రా ఇంకో పక్క కొట్టేసిన రాతా చూస్తే మనసుని ఏదో పట్టుకున్నట్టు ఉందనీ, దాన్నే పెద్దది చేసి గుమ్మానికి ఎదురుగా గోడ మీద వేస్తున్నారనీ చెప్పింది. ఏ పేజీయో అడగక్కర్లేకపోయింది. "ఇంకోటి చెప్పనా? దీపం వెలిగించేది పెద్దమామ్మే. అందరికన్నా పెద్దావిడ కదా" అంది. అక్క చేతిలో చేట కింద పెట్టింది.

"నన్నే? నాను ఎలిగించాలేటి?" అంది. తర్వాత లోపలికి వెళ్ళి, పెట్టె అడుగు నుంచి తన ఒకే ఒక పట్టుచీర తీసి, మడతలు సరి చెయ్యమని నాకే ఇచ్చింది. "ఇన్నాళ్ళకి ఒకలు పిలిసినారే" అంది. ఆ చీర పరిచి ఇస్త్రీ చేస్తుంటే, బొట్టు పెట్టుకుని, ఇదే కట్టుకుని, గుమ్మానికి ఎదురుగా మొగుడి చావు వేలాడుతుంటే దాని ముందు నిలబడి ఈవిడ దీపం వెలిగిస్తుందని నాకు కనిపించింది. వచ్చినవాళ్ళలో ఎవరో ఒకరు గొలుసుకట్టు చదవగలిగినవాళ్ళు ఉండకపోరు. వాళ్ళు పైకి చదువుతారు. ఇస్త్రీపెట్టె తీసి నిలబెట్టాను.

"అక్కా, రేపు పొద్దున్న లైబ్రరీకి వెళ్దాం. నీకొక ఉత్తరం ఉంది."

"నాకా? ఉత్తరవా?" ఆమె నవ్వింది. "నాకెవులు రాస్తారే?"

మర్నాడు ఆటోలో వెళ్ళాం. లైబ్రరీలో పాత కాగితాల గదికి కిటికీలు మూసి ఉన్నాయి, చల్లగా ఉంది, మందుల వాసన. మేడమ్ మూడో పుస్తకం తెచ్చి మెత్తటి దిండు లాంటిదాని మీద పెట్టి, మా ఇద్దరికీ తొడుగులు ఇచ్చింది. మనవరాలు తలుపు దగ్గర నిలబడింది. అక్కడ తెలుగు తెలిసినవాళ్ళం మేం ముగ్గురమే. ముందే చెప్పాను, "అక్కా, ఇది నీ మొగుడు రాయించినది" అని. ఆ తర్వాత వేలు పెట్టి చదివాను. అందులో ఇలా ఉంది:

"నా భార్యకు రాయించునది. నాకు ఎనిమిది రోజుల నుండి జ్వరముగా ఉన్నది. నాన్న గంజి కాచి పోయుచున్నాడు, కంగారు పడవద్దు. తగ్గగానే గది చూసెదను. ఇక్కడ నీళ్ళు కుళాయిలో వచ్చును, నీవు ఏటికి పోనక్కరలేదు. దుమ్ము ఎర్రగా ఉండును, తెల్ల కోకలు తేవద్దు. నీవు లేక బాగులేదు. నాన్న ఎదుట ఇంతకన్న చెప్పి రాయించుటకు సిగ్గుగా ఉన్నది, నీవే తెలుసుకొనవలెను."

ఆగకుండా కుడి పక్కది కూడా చదివాను. కొట్టేసినదంతా చదివాను, కింద రెండు వాక్యాలతో సహా.

"మల్లీ సదువు. ఎడం పక్కదే" అంది అక్క. చదివాను. ఇంకోసారి అంది. ఇంకోసారి చదివాను. అప్పుడు ఆమె చేతి తొడుగు లాగేసి బల్ల మీద పడేసింది. "గుడ్డలోంచి నాకేటి తెలుస్తాది?" అని తన బొటనవేలు ఆ వేలిముద్ర మీద ఆనించింది. మేడమ్ కంగారుగా లేచింది. ఏమనుకుందో, మళ్ళీ కూర్చుంది.

"నీకెప్పట్నుంచి తెలుసే?" నా వైపు చూడకుండానే అడిగింది.

"పెద్దోడు పుట్టిన ఏడు నుంచి."

"పెద్దోడికి మనవలొచ్చే ఈడు."

"అవునక్కా."

"కార్తీకంలో ఉపాసాలుండి మరీ తిట్టుకున్నానే ఆడిని, ఒగ్గీసి పోనాడని. గంజి తాగతా నా పేరు తలుసుకున్నోడిని. సచ్చిపోయినోడిని ఇన్నేళ్ళు తిట్టించినావు నా సేత."

నేను ఆమె పడేసిన తొడుగు తీసి మడతపెట్టాను. ఏదైనా చెప్పుంటే అది అబద్ధం అయ్యేది. తలుపు దగ్గర మనవరాలు ఏడుస్తూ, "మరి నా పేరు వెనకాల ఉన్నది ఎవరి పేరు మామ్మా?" అంది. దానికి అక్కే చెప్పింది: "నా మొగుడిది. మంచోడి పేరే. సిగ్గుపడకు."

అప్పుడు నేను మనవరాలితో, ఈ పేజీ గోడ మీద వెయ్యొద్దని మేడమ్‌కి చెప్పమన్నాను. ఇంటివాళ్ళు వద్దంటే తీసేస్తామని మేడమ్ వెంటనే ఒప్పుకుంది. అక్క నా వైపు తిరిగింది.

"ఎవులే తియ్యమన్నది? ఆ ఉత్తరం నీదా?"

"అది కాదక్కా. పింఛను కాగితాలు, పిల్లల కాగితాలు అన్నీ..."

"ఉత్తరం నీదా అని అడుగుతన్నాను."

"నీదే."

"అయితే ఎంత పెద్దగా ఏస్తారో అంత పెద్దగా ఎయ్యమను. నన్నొగ్గీసినాడన్నోలందరూ ఒస్తారు గదా. అందరి ముందరా నువ్వే సదవాల. కొట్టీసింది కూడా సదవాల."

ఇంటికి రాగానే ఆమె తల మీంచి నీళ్ళు పోసుకుంది, చావు కబురు విన్న రోజున పోసుకునేట్టు. బయటికి వచ్చేసరికి నుదుటి మీద బొట్టు లేదు. గాజులు తీసి నా దోసిట్లో పోసింది. "దాసుకో. నీకు పారేడం సేతకాదు గదా" అంది.

తెరిచే రోజున ఆ పట్టుచీరే కట్టుకుని, బోసి నుదుటితో దీపం వెలిగించింది. వెనక ఎవరో గొణిగారు. వత్తి మాత్రం వెంటనే అంటుకుంది. నేను గోడ పక్కన నిలబడి రెండు పేజీలూ చదివాను. ఒక్క అక్షరం మింగలేదు, అదొక్కటే ఆ రోజు నేను చేసుకున్న పుణ్యం. పసుపు దగ్గర మాట తూలిన ఆ పిన్నిగారు ఇంకా బతికే ఉంది. కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది, అక్క దగ్గరికి నడిచి, "తెలీక అన్నానమ్మా" అంది. "తెలిసినోలే సెప్పనేదు, నీకెలాగ తెలుస్తాది పిన్నీ" అంది అక్క. నేను రెండు అడుగుల దూరంలో ఉన్నాను. వెనక వరసలో ఒకాయన కుడి పక్క పేజీని ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. దగ్గరికి వచ్చి, కింద రెండు వాక్యాలూ పడేట్టు ఇంకోటి తీశాడు. ఎవరో మాకు తెలియదు. ఎవరినీ ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు.

మా పెద్దవాడు ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం లేదు. చిన్నవాడు ఫోన్ చేసి, ఎవరైనా కాగితాలు పట్టుకుని వస్తే ఏమీ చెప్పకు, నాకు ఫోన్ చెయ్యి అంటాడు. వచ్చే నెల, బతికే ఉన్నానని సంతకం పెట్టడానికి బ్యాంకుకి వెళ్ళాలి. ఫలానా వారి భార్యనని అందులో రాసి ఉంటుంది. పెడతానో పెట్టనో ఇంకా తేల్చుకోలేదు. పింఛను ఆగితే ఆగుతుంది, తక్కువలో బతకడం నాకు కొత్త కాదు. అక్క ఇదే ఇంట్లో ఉంటోంది, నేను వండితే తింటోంది. నాతో నేరుగా మాట్లాడదు. మనవరాలు మధ్యాహ్నం నాలుగో పుస్తకం తెరిస్తే వచ్చి కూర్చుంటుంది. "మీ మామ్మని ఏ పేజీ ఒగ్గకుండా సదవమను" అంటుంది. నేను ఒగ్గకుండా చదువుతాను.

ఉత్తరం అరవై ఏళ్ళు దాటి ఆలస్యంగానైనా చేరిందని మేడమ్ ఆ రోజు అందరికీ చెప్పింది. చప్పట్లు కొట్టారు. ఆ ఆలస్యంలో మొదటి పదేళ్ళు మావగారివి, మిగిలినవన్నీ నావి. కాలం దానంతట అదే గడిచిపోతుందని అందరం అనుకుంటాం. ఆ ఏళ్ళు మాత్రం గడవలేదు, ఒక్కో మధ్యాహ్నం చొప్పున తెలిసి తెలిసి నేనే గడిపాను.